వానలు పడకముందే గుర్రాల వాళ్లకు: కాలి పుండు మీద మైలుతుత్తం వద్దు

పోయిన వారం ఒక లాయానికి రమ్మంటే వెళ్లాను. పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల ఆడగుర్రం. వెనక కాలికి ముళ్లతీగ గీసుకుని రెండు నెలలైందట. అప్పట్లో రూపాయి బిళ్లంత గాయం. ఇప్పుడు బత్తాయి కాయంత ఎర్రటి ముద్ద, ముట్టుకుంటే రక్తం. "మందు ఒక్కపూట కూడా ఆపలేదు డాక్టరుగారూ, కండ బాగానే పట్టింది" అన్నాడు యజమాని. ఆ మందేమిటంటే సున్నం, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన పొడి.

అది కండ కాదు, దుర్మాంసం.

గాయం కడగాలి, ఈగలు వాలనివ్వకూడదు అని మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఈ పొడి సంగతే.

మోకాలి కింద ఎందుకు మానదు

తొడ మీద పెద్ద గాయమైనా చుట్టూ ఉన్న చర్మం ముడుచుకొచ్చి మూసేస్తుంది. మోకాలి కింద కండ లేదు. ఎముక మీద బిగుతుగా చర్మం, అంతే. అడుగు వేసినప్పుడల్లా అంచులు లాగుతాయి. నాలుగైదు రోజులకు గాయం అడుగు నుంచి ఎర్రటి మాంసం వస్తుంది. చర్మంతో సమానంగా ఉన్నంత వరకు అది మంచిదే. దాన్ని దాటి ఉబ్బితే అదే దుర్మాంసం, కొత్త చర్మం ఆ గట్టు ఎక్కలేదు.

అంచు దగ్గర లేత గులాబీ రంగులో సన్నటి గీత కనిపిస్తుంది చూడండి, కొత్త చర్మం అదే. కాలి మీద అది రోజుకు దాదాపు మిల్లీమీటరులో పదో వంతు జరుగుతుంది. అంటే సెంటీమీటరు దాటడానికి మూడు నెలల పైనే. మైలుతుత్తం పడితే ముందు మాడేది ఆ గీతే. పైన నల్లటి పొర ఊడిపోతే మందు పనిచేసిందని సంబరపడతాం. కింద మాంసం రెచ్చిపోయి మళ్లీ లేస్తుంది.

దుర్మాంసాన్ని డాక్టరు బ్లేడుతో చర్మం మట్టానికి కోస్తారు. అందులో నరాలుండవు కాబట్టి నొప్పి తెలియదు, కానీ రక్తం ధారకడుతుంది. అందుకే ఇంట్లో కోయకండి. తర్వాత బిగువైన కట్టు. అవసరమైతే కొన్నాళ్లు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. పుండు మరీ పెద్దదైతే మెడ దగ్గర చర్మం చిన్న ముక్కలుగా తీసి నాటుతారు.

వానాకాలం పుండ్లు

మన దేశంలో గుర్రాలకు వానల్లో వచ్చే మొండి పుండ్లను పాతకాలం నుంచీ బర్సాతీ అంటారు. బ్రిటిష్ పశువైద్యులు కూడా ఆ పేరే రాసుకున్నారు. ఈగలు మోసుకొచ్చే పురుగు పిల్లలు గాయంలో దిగితే బియ్యపు నూకల్లాంటి పసుపు పలుకులు కనిపిస్తాయి. నిలవ నీళ్లలో నిలబడే గుర్రాలకు ఇంకో రకం వస్తుంది, అందులో కంకర లాంటి గట్టి ముక్కలు ఊడిపడతాయి. రెండూ ఒకటి కాదు, మందులూ వేరు. ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. పొడి చల్లితే ఏ రకమో తేలేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇక వరసగా:

మైలుతుత్తం వద్దు. సున్నం, ఫినాయిల్, కిరోసిన్, బ్యాటరీ యాసిడ్ కూడా వద్దు. చివరిది రాయడానికే సిగ్గేస్తోంది, కానీ పోసినవాళ్లను చూశాను.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాతో చెంచాన్నర. దానితో కడగండి.

కుట్లు పడాలంటే ఆరేడు గంటల్లోపు డాక్టరు చూడాలి. ఈలోపు పొడులు, పసుపు ముద్దలు పెట్టకండి, అవన్నీ తోమి తీయాలి.

కీలు పక్కన గాయం చిన్నదే అయినా, జిగటగా పసుపు నీరు కారుతుంటే ఆ రోజే ఆసుపత్రికి.

గిట్టలో మేకు దిగితే పీకకండి. ఎంత లోతుకు దిగిందో ముందు ఎక్స్‌రేలో చూడాలి.

కట్టు కింద దూది మందంగా, సమానంగా. తడిస్తే వెంటనే మార్చండి.

వారాలు గడిచినా సన్నటి రంధ్రం నుంచి చీము ఆగకపోతే లోపల చచ్చిన ఎముక ముక్క ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించండి. పొడి కాదు!

పుండు మానేదాకా ఊరేగింపులు లేవు. అడ్వాన్సు తిరిగిచ్చేయండి.

ధనుర్వాతం టీకా పడి ఆరు నెలలు దాటితే, గాయమైన రోజే మళ్లీ వేయించండి. అసలెప్పుడూ వేయించకపోతే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, వేరే ఇంజెక్షన్ కూడా కావాలి.

ధనుర్వాతం గుర్తులు ఇవి: నడక కర్రలా బిగుసుకున్నా, దవడ తెరవలేకపోయినా, కంటి మూల నుంచి తెల్లటి పొర అడ్డంగా వస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. రాత్రి రెండైనా ఫోన్ చేయండి.