ప్రముఖులు ఎదురైతే: ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ సలహాలు

చాలా ఏళ్లు పత్రికకు ఫోటోలు తీశాను. మంత్రులు, నటులు, ఆటగాళ్ల వాకిళ్ల ముందు పడిగాపులు కాయడమే నా ఉద్యోగం. ఇప్పుడు అందరి చేతుల్లోనూ కెమెరా ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు.

ముందుగా చూసుకోవలసింది, ఆ మనిషి పనిలో ఉన్నారా లేదా అన్నది. వేదిక మీదో మైదానంలోనో ఉంటే సందేహించకండి, తీయండి. భోజనం చేస్తున్నా, ఆసుపత్రి వరండాలో నిలబడినా, చావింటికి వచ్చినా ఫోను జేబులోనే ఉంచండి. వెంట పిల్లలుంటే ఇక ఆలోచించే పనే లేదు. వాళ్లు ఎవరినీ ఓట్లు అడగలేదు, ఎవరికీ టికెట్లు అమ్మలేదు.

ఫోటో కావాలంటే నమస్కారం పెట్టి, “మీకు ఇబ్బంది లేకపోతే ఒక్క ఫోటో” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆగడమే చాలామందికి చేతకాదు. అడుగుతూనే ఫోను ఎత్తేస్తారు, భుజం మీద చేయి వేసేస్తారు. కెమెరా లోంచి చూసేవాడికి ఒకటి తెలుస్తుంది: అలాంటప్పుడు ఆ మనిషి పెదవులు నవ్వుతాయి కానీ కళ్లు ముందు తలుపు వైపు వెళ్లి వస్తాయి. “వద్దండి” అంటే “పరవాలేదండి” అని తప్పుకోండి. వెనక నుంచి “ఎంత పొగరు” అని గొణగకండి, వినిపిస్తుంది.

తీసిన ఫోటోను వాళ్లు అక్కడి నుంచి వెళ్లిపోయాకే నలుగురికీ చూపండి. లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు ఫోటో ఫైలులోనే నమోదవుతాయి. కెమెరా సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. వెనక ఇంటి గేటు, కారు నంబరు పడ్డాయేమో కూడా చూసుకోండి.

మర్యాద అంటే నోరు మూసుకోవడం అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రశ్నించవలసిందే. దేన్ని ప్రశ్నించాలన్నదే చిక్కు. మొనాకో రాకుమారి కరోలిన్ గుర్రపు స్వారీ, షాపింగ్ ఫోటోలను పత్రికలు అచ్చువేసిన కేసులో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2004లో ఒక గీత గీసింది: ఆ ఫోటో ప్రజలకు సంబంధించిన చర్చకు పనికొస్తుందా? రాకుమారి షాపింగ్ పనికిరాదని తేల్చింది. ఈ గీత అవతలి వైపు కూడా చూడాలి. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁకు 1981లోనే క్యాన్సర్ బయటపడింది. అయినా ఆరోగ్యం బాగుందంటూ ఏళ్ల తరబడి ప్రకటనలు వెలువడ్డాయి. విషయం 1992లో గానీ జనానికి తెలియలేదు. దేశాన్ని నడిపే మనిషి జబ్బు, దాని మీద చెప్పిన అబద్ధం జనం విషయాలే. నటుడి జబ్బు ఆయన ఇంటి విషయం.

విమర్శ రాసేటప్పుడు చేసిన పని, చేసిన తేదీ, మీ ప్రశ్న ఉంటే చాలు. రాశాక తిట్లన్నీ కొట్టేసి చదవండి. ఏమీ మిగలకపోతే పంపకండి. ఒడ్డూ పొడుగూ, భార్యాభర్తల తగవులు, కూతురి బట్టలు, ఇవేవీ ప్రశ్నలు కావు.

ఎవరిదైనా ఆసుపత్రి కాగితమో పడకగది వీడియోనో మీ ఫోనుకు వస్తే, నిజమో కాదో తేల్చే పని పెట్టుకోకండి. చెరిపేసి, ఇలాంటివి ఇకపై పంపవద్దని పంపినవారికి చెప్పండి. బంధువులైతే కాస్త మెత్తగా చెప్పండి, కానీ చెప్పండి.