మెడ చుట్టూ లేసు: ఊలు కాలరు అల్లేద్దాం రండి

లేసు అల్లిక నేర్పమని అడిగినవాళ్ళు నేరుగా పెద్ద శాలువాకే చెయ్యి చాపుతారు. నేను మాత్రం వాళ్ళకి ముందు కాలరే చెబుతాను. పెద్ద శాలువాలు సగంలో ఆగి సంచిలో పడుండటం చాలా చూశాను. కాలరు అలా కాదు, విసుగు పుట్టేలోపే పూర్తవుతుంది. పైగా సాదా గుండ్రటి మెడ జాకెట్టుకి అది తగిలిస్తే పాత ఫోటోల్లోని నాజూకు వచ్చేస్తుంది.

కావలసింది సన్నటి అసలు ఊలు (50 గ్రాములకి 200 మీటర్లు వచ్చే రకం), 3.5 మి.మీ. సూదులు. అరవుండ చాలు. యాక్రిలిక్ వద్దు, తడిపి సాగదీసినా ఆ ఆకారంలో నిలవదు. రంగురంగుల ఊలు కూడా వద్దు, డిజైను అందులో కనబడకుండా పోతుంది.

ఈ డిజైను స్కాట్లాండుకి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులది. పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నటి శాలువాలకు పేరుపడ్డ చోటు అది. మన కాలరుకి అంత పలుచన అక్కర్లేదు లెండి.

168 కుట్లు వదులుగా ఎక్కించండి. అందుకు 4.5 మి.మీ. సూది వాడితే మేలు, ఈ అంచు బిగిస్తే అలలు రావు. రెండు కొసల్లో మూడేసి కుట్లు ఎప్పుడూ నిట్టే (మామూలు సాదా కుట్టు). మధ్యలోని 162 కుట్లను 18 చొప్పున తొమ్మిది భాగాలు చేసి, వాటి మధ్య గుర్తుకి రంగు దారం ఉంగరాలు పెట్టుకోండి.

మొదటి వరుస నిట్. రెండోది పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు). మూడో వరుసలోనే ఉంది అసలు పని: ప్రతి 18లో రెండేసి కుట్లు కలిపి అల్లడం మూడుసార్లు, సూది మీదుగా ఊలు వేసి ఒక నిట్ ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలపడం మూడుసార్లు. నాలుగో వరుస పూర్తిగా నిట్. ఈ నాలుగింటినీ ఐదుసార్లు చేయాలి.

సూది మీదుగా ఊలు వేసినచోట ఆరు కన్నాలతో పాటు ఆరు కొత్త కుట్లు పుడతాయి, కాబట్టి ఆరు కుట్లు తగ్గాలి. అందుకే మూడో వరుస కాగానే ఉంగరానికీ ఉంగరానికీ మధ్య 18 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. తేడా వస్తే ఆ భాగంలోనే వెతికితే చాలు. ప్రతి నాలుగో వరుస తర్వాత పెద్ద కన్ను సూదితో కుట్లన్నింటి గుండా ఒక నూలు దారం దూర్చి వదిలేయండి. ఎప్పుడైనా విప్పాల్సొస్తే అల్లిక ఆ దారం దగ్గర ఆగిపోతుంది. టీవీ చూస్తూ అల్లేవాళ్ళకి ఇది తప్పనిసరి!

ఇరవై వరుసలయ్యాక ఒక వరుసంతా రెండేసి కలపండి. 84 మిగులుతాయి. 10 సెం.మీ.కి 22 కుట్లు పడే చేతికి అది దాదాపు 38 సెం.మీ. మెడ. పైన ఆరు వరుసలు నిట్ అల్లి, వదులుగా ముగించి, ఒక కొసన ముత్యం బొత్తాం, రెండో కొసన దారం కాజా పెట్టండి.

ఇప్పుడది నలిగిన గుడ్డముక్కలా కనిపిస్తుంది. కంగారొద్దు. గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమండి. తుప్పు పట్టని పిన్నులతో దళసరి దుప్పటి మీద పరిచి, అంచున బయటికొచ్చిన ప్రతి కొసనీ లాగి గుచ్చండి. కన్నాలన్నీ తెరుచుకుంటాయి. పూర్తిగా ఆరాకే పిన్నులు తీయాలి, తడి ఉండగా తీస్తే మళ్ళీ ముడుచుకుంటుంది. ఉతికిన ప్రతిసారీ ఈ పిన్నుల పని తప్పదు కాబట్టి, కాలరును బట్టకి కుట్టేయకుండా విడిగానే ఉంచుకోండి.