సిట్రోయెన్ సఫారీ కిందికి దూరేముందు

ఇక్కడ ఇంగ్లాండులో మాకు తెలిసిన పెద్దాయన ఒకరు, ఎండాకాలం ర్యాలీలకు తన సిట్రోయెన్ సఫారీని సిద్ధం చేసుకుంటూ పోయిన వారం దాని కిందే ఇరుక్కుపోయారు. భుజం ఎముక విరిగింది. అరుపు విని పక్కింటివాళ్ళు జాకీ పట్టుకుని పరుగెత్తారు కాబట్టి ప్రాణం దక్కింది. టైర్లలో గాలి, బ్యాటరీ, ఇన్సూరెన్సు సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి.

1958లో వచ్చిన ఈ స్టేషన్ వ్యాగన్ సిట్రోయెన్ వాళ్ళ డీఎస్ అనే కార్ల కుటుంబానిది. దీనికి మామూలు స్ప్రింగులు ఉండవు. ప్రతి చక్రం దగ్గరా ఒక ఇనుప గోళం, అందులో నైట్రోజన్, దాన్ని నొక్కుతూ పంపు పంపే ఆయిల్. వెనక ఎంత సామాను వేసినా కారు కుంగకుండా నిలబడేది ఈ ఏర్పాటు వల్లే. డ్రైవరు దగ్గరున్న లీవరు మారిస్తే కారు మొత్తం పైకి లేస్తుంది, కింద మనిషి హాయిగా పట్టేంత జాగా వస్తుంది. కొంప మునిగేది అక్కడే. ఆ ఎత్తును మోస్తున్నది ప్రెషర్ ఒక్కటే. ఇంజను ఆపాక అది మెల్లగా దిగిపోతుంది. మీరు కింద పడుకుని ఏ పైపు నట్టో వదులు చేశారా, టన్ను పైచిలుకు బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. లీవరు ఎత్తి కిందికి దూరకండి.

కారును మోసే ఇనుప స్టాండ్లు పెట్టండి, కానీ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. డోర్ల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగం లోపలినుంచి తుప్పు పడుతుంది, పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే అక్కడ స్టాండు వద్దు.

ఆయిల్ కూడా చూడాలి. 1966 దాకా ఎర్రది, ఆ తర్వాత ఆకుపచ్చది (అమెరికా కార్లకు 1969 దాకా ఎర్రదే). ఒకదానిలో ఇంకోటి పోస్తే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళన్నీ పాడైపోతాయి. పాత ఓనరు ఏం పోశాడో ఆయన మాట నమ్మకండి, కారులోని ఆయిల్ డబ్బా తెరిచి రంగు చూడండి. ఆకుపచ్చ ఆయిల్ బండిలో మామూలు బ్రేక్ ఆయిల్ చుక్క కూడా వద్దు.

ఇక మిగతావి:
స్టాండ్ల మీద ఉండగా లీవరు పైకి పెట్టి ఇంజను స్టార్ట్ చేయకండి. చక్రాలు నేలను తన్నుతాయి, కారు స్టాండ్ల మీంచి లేస్తుంది.
గోళం విప్పేముందు ఇంజను ఆపి, లీవరు కిందికి దించి, ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటరు స్క్రూ తిప్పి ప్రెషర్ వదిలేయండి.
లీకు కోసం చేత్తో తడమకండి. 150 బార్ దరిదాపుల ప్రెషర్‌లో ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క వాడండి.
పిల్లల్ని కారులో కూర్చోబెట్టి పని చేయకండి, లీవరు వాళ్ళ చేతికి ఆటబొమ్మ.
ఒంటరిగా పని చేయకండి.
"ఒక్క నిమిషమే కదా" అని లీవరు ఎత్తి కిందికి దూరకండి. ఆ పెద్దాయన దూరిందీ ఒక్క నిమిషానికే.
ప్రెషర్ ఎర్ర లైటు ఆరేదాకా బండి కదపకండి, బ్రేకులకూ అదే ఆయిల్.