మన పాత పేపర్‌ని మనమే వాడుకోవడం: 3వ పాఠం (మెథడ్స్, డేటా)

పోయిన పాఠంలో మీ పాత రీసెర్చ్ పేపర్నీ కొత్త డ్రాఫ్ట్‌నీ పక్కపక్కన పెట్టుకుని ఒకేలా ఉన్న వాక్యాలకి పసుపు రంగు కొట్టమన్నాను కదా, చేసుంటే ఈపాటికి మెథడ్స్ సెక్షన్ (ప్రయోగం ఎలా చేశామో చెప్పే భాగం) సగం పైన పసుపు అయిపోయుంటుంది. కంగారు పడకండి. పద్ధతి అదే అయినప్పుడు మాటలూ దగ్గర్లోనే ఉంటాయి, అది తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌కి దొరక్కూడదని "ఆకుల్ని ఎండబెట్టాం" అన్నదాన్ని "ఆకుల్లో తేమ తొలగించాం" అని మార్చేయడం, అప్పుడు చదివేవాళ్ళకి ఇదేదో వేరే పద్ధతేమో అని డౌటొస్తుంది, పైగా 2020 ఏప్రిల్‌లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన నోటీసు ప్రకారం మన పాత పేపర్‌ని సైటేషన్ లేకుండా, అంటే ఇది ఫలానా పేపర్లోది అని చెప్పకుండా, మాటలు మార్చి రాసినా సెల్ఫ్ ప్లేజరిజమే, మన రాతని మనమే కాపీ కొట్టినట్టే.

దానికి బదులు ఇలా రాయండి: "శాంపిల్స్‌ని మా 2021 పేపర్లో చెప్పినట్టే తయారుచేశాం, ఈసారి ఎండబెట్టింది మాత్రం 24 గంటలు కాదు, 48 గంటలు." చూడండి, ఏది పాతదో ఏది కొత్తదో ఒక్క వాక్యంలో తేలిపోయింది. పాత పేరా మొత్తం యథాతథంగా కావాలంటే మాత్రం కాపీరైట్ జర్నల్‌కి రాసిచ్చారేమో ముందు చూసుకోండి, ఇచ్చేసుంటే పర్మిషన్ అడగాల్సి రావచ్చు.

ఇక డేటా. నాకు అసలు బాధ ఇక్కడే. సిమిలారిటీ (పాత రాతలతో కలిసిన భాగం) 10 శాతం లోపే వచ్చింది, 2018 యూజీసీ రూల్స్ ప్రకారం పెనాల్టీ లేదు అని స్కాలర్స్ ఊపిరి పీల్చుకుంటారు గానీ, ఆ సాఫ్ట్‌వేర్ చూసేది అక్షరాల్ని, పాత 60 శాంపిల్స్‌నే కొత్త టేబుల్లో పెడితే దానికేం తెలుస్తుంది? ఒండాన్‌సెట్రాన్ సంగతి చూడండి, ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా ఇచ్చే మందు. దాని ట్రయల్స్ కొన్ని పాత పేపర్ ఊసెత్తకుండా మళ్ళీ అచ్చయ్యాయి, అవే పేషెంట్లు రెండోసారి లెక్కలోకి వస్తే మందు 23 శాతం ఎక్కువ పనిచేస్తున్నట్టు కనపడిందని 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తేల్చారు. మీది పేషెంట్ల డేటా కాకపోవచ్చు, వేరుశనగ మొక్కలదే కావచ్చు, కానీ రేపు ఎవరో మీ రెండు పేపర్లనీ కలిపి లెక్కేసి రైతుకి సలహా ఇస్తారు, ఆయన దాన్ని నమ్మి పెట్టుబడి పెడతాడు.

ఈ వారం పని: ఒక కాగితం మీద మీ శాంపిల్ నంబర్లన్నీ వరసగా రాసి, ప్రతిదాని పక్కన అది ఏ పేపర్లో ఏ టేబుల్లో వచ్చిందో రాయండి. రెండు పేపర్ల పేర్లు పడినవాటికి గుండ్రంగా సున్నా చుట్టండి, ఆ సంఖ్య ఎంతైతే అంత కొత్త పేపర్లో టేబుల్ కిందే రాయాలి, "60లో 35 శాంపిల్స్ మా 2021 పేపర్లోవే" అని. జర్నల్‌కి పంపేటప్పుడు ఎడిటర్‌కి రాసే లెటర్లో కూడా ఇదే చెప్పి పాత పేపర్ జతచేయండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

వచ్చే పాఠం ఒకే స్టడీని ముక్కలు చేసి వేయడం గురించి, టైటానిక్ ప్రమాదం డేటా మీద ఒకే టీం 4 జర్నల్స్‌లో వేసిన పేపర్ల కేసుతో మొదలెడదాం. ఆ కాగితం దాచుకోండి, అప్పుడు కావాలి.