పండు తిన్న వారమే గింజ నాటండి

ఎండబెట్టి డబ్బాలో దాచిన గింజ బెండకూ బీరకూ పనికొస్తుంది కానీ, అన్ని చెట్లకూ పనికిరాదు. మామిడి, పనస, నేరేడు, వేప, కరివేపాకు గింజల్లో తడి ఆరిపోతే ఇక మొలవవు. పండు తిన్న వారం పది రోజుల్లోపే మట్టిలో పడాలి. చింతగింజ అలా కాదు, నెలల తరబడి ఆగుతుంది. అందుకే చెట్టు పెంచాలన్న కోరిక ఎప్పుడు పుట్టినా, నాటే ముహూర్తం మాత్రం పండుదే.

మాది నూజివీడు. వేసవిలో ఇంటినిండా రసాల టెంకలే. పిల్లలు చీకి పడేసినవాటిలో పెద్దవి ఏరి, కడిగి, పీచు గీకి, ఒక పూట నీడలో ఆరనిస్తాను. తర్వాత అంచు దగ్గర కత్తెరతో జాగ్రత్తగా చీల్చి లోపలి జీడి బయటికి తీస్తాను. టెంకతోనే నాటినా మొలుస్తుంది గానీ ఆలస్యమవుతుంది, పైగా లోపల టెంక పురుగు ఉన్నదీ లేనిదీ తెలియదు. జీడి గట్టిగా, శుభ్రంగా ఉంటే నాటండి. నల్లగా తొలిచేసి ఉంటే పారేయండి. వంపు తిరిగిన అంచు పైకి ఉండేలా పెట్టి, పైన అంగుళం మట్టి కప్పితే చాలు. రెండు మూడు వారాల్లో రాగిరంగు లేతాకులతో మొలక లేస్తుంది.

ఇక్కడొక మాట. చిన్నరసం టెంక నాటితే చిన్నరసమే కాస్తుందన్న హామీ లేదు. కాపుకూ ఏళ్లు పడుతుంది. అదే రుచి కావాలంటే అంటు మొక్క కొనుక్కోండి, లేదా ఈ మొక్కే పెన్సిల్ మందం అయ్యాక తెలిసినవాళ్లతో దానిమీద అంటు కట్టించుకోండి. నాకైతే టెంక చెట్టే ఇష్టం. ఉన్నచోటే మొలిచినది తల్లివేరు లోతుకు దించుకుంటుంది, గాలివానకు తట్టుకుంటుంది.

నేరేడుకు ఒక్క గింజలోంచే రెండు మూడు మొలకలు రావచ్చు. బలమైనది ఉంచి మిగతావి తుంచేయండి. కరివేపాకుకు నల్లగా మాగిన పండ్లే కావాలి, గుజ్జు పూర్తిగా కడిగేయాలి. చింతగింజ పెంకు గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టండి. సీతాఫలం నెల దాటినా కదలకపోవచ్చు, టెన్షన్ పడి తవ్వి చూడకండి.

సంచిలో వేసేవాళ్లకు మట్టి లెక్క: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. పచ్చిపేడ వద్దు, వేడికి లేత వేరు మాడిపోతుంది. పాల ప్యాకెట్లు వాడినా సరే, అడుగున చిల్లులు పెట్టండి. మొలకలు మొదట్లో మెత్తబడి వాలిపోతుంటే అది నారుకుళ్లు. నీళ్లు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడపండి.

కొమ్మల సంగతి వేరు. దానిమ్మ, అంజూర, గోరింట, దేవగన్నేరు, మునగ కొమ్మతోనే వస్తాయి, తల్లి చెట్టు గుణం ఉన్నదున్నట్టు దిగుతుంది. "పిన్నిగారూ, ఒక దానిమ్మ కొమ్మ ఇవ్వరూ" అని వచ్చేవాళ్లందరూ పువ్వున్న కొమ్మే చూపిస్తారు. అది ఇవ్వను. ఉన్న బలమంతా పువ్వుకే పోతే వేరుకేం మిగులుతుంది? పెన్సిల్ మందంలో ముదిరిన కొమ్మ, జానెడు పొడవు, నాలుగైదు కణుపులు ఉండాలి. కింది కణుపు దిగువన ఏటవాలుగా, పైన అడ్డంగా కోయండి. అలా కోస్తే ఏది కింద, ఏది పైన అన్న గందరగోళం ఉండదు; తలకిందులుగా గుచ్చిన కొమ్మ దాదాపు దండగే. ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలోకి దించి, నీడలో ఉంచండి. వేరు హార్మోన్ పొడి ఉంటే కోసిన కొసకు అద్దండి, గోరింటకు అదీ అక్కర్లేదు.

దేవగన్నేరు కొమ్మ కోయగానే పాలు కారుతుంది. వారం రోజులు నీడలో పడేసి, గాయం ఎండాకే నాటాలి. పచ్చిగా పెడితే కుళ్లుతుంది. మునగకు మణికట్టు మందం, మీటరు పొడవున్న కొమ్మ తీసుకుని మూడో వంతు భూమిలో ఉండేలా నేరుగా గుంటలోనే పెట్టండి. నీళ్లు నిలవకూడదు. మునగ పెళుసు, పెంకుటింటి కప్పు మీదికి వాలేచోట వద్దు.

కొమ్మ చిగురించగానే అందరూ సంబరపడి పీకి చూస్తారు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చింది, వేరుతో కాదు. చాలాసార్లు వేరు తర్వాతే పుడుతుంది. రెండోసారి కొత్త ఆకులు వచ్చేదాకా కదపకండి.

నేలలోకి మార్చడానికి మృగశిర వెళ్లి నాలుగు మంచి వానలు పడ్డాక సాయంత్రం పూట మేలు. సంచి చింపినప్పుడు అడుగున చుట్టుకున్న వేరు కనిపిస్తే ఆ చుట్టను కోసేయండి, లేకపోతే చెట్టు పెరిగినా వేరు అలాగే మెలితిరిగి ఉండిపోతుంది. మామిడికి, పనసకు గోడ నుంచి కనీసం ఐదారు మీటర్ల దూరం వదలండి. మొదటి వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, రెండు మూడు రోజులకోసారి నిండుగా నీళ్లు పెట్టండి.