సున్నాను కొలవడం – 4వ పాఠం: తిప్పాల్సింది మీటరు తీగల్ని కాదు

పోయిన పాఠం అభ్యాసం, అతివాహక బిళ్లను (తగినంత చల్లబడితే విద్యుత్ నిరోధం పూర్తిగా పోయేదాన్ని) చల్లబరిచి దాని నిరోధం మీటరుతో కొలవడం. చేసినవాళ్లలో చాలామంది అంకెలు ఒక్కచోటే ఆగాయి. వైబీసీఓ (యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం) బిళ్లను ద్రవ నత్రజనిలో ముంచినా మీటరు 2 ఓంలకో 3 ఓంలకో వచ్చి ఇక దిగనంది. బిళ్ల పాడైందని కొందరు, చల్లదనం చాల్లేదని కొందరు తేల్చేశారు. రెండూ కాదు. ఈ పదార్థం అతివాహకంగా మారేది 93 కెల్విన్ దగ్గర, నత్రజని మరిగేది 77 దగ్గర. చల్లదనం మిగిలిపోతుంది కూడా. మీరు కొలిచింది బిళ్లను కాదు, దానికి అంటించిన వెండి పేస్టునీ మీటరు తీగల్నీ.

లెక్క వేసి చూడండి. బిళ్లలోంచి కోసిన కడ్డీ అడ్డుకోత 2 మి.మీ. × 2 మి.మీ., వోల్టేజి తీగల మధ్య దూరం 5 మి.మీ. అనుకుందాం. గది వేడిమిలో ఇలాంటి కాల్చిన బిళ్ల నిరోధకత 2 మిల్లీ ఓం-సెం.మీ. అనుకుంటే, కడ్డీ నిరోధం 25 మిల్లీ ఓంలు. పేస్టు అతుకులూ తీగలూ కలిపి 3 ఓంలు. ఆ 25 మిల్లీ ఓంలు మొత్తం మాయమైనా మీటరుకు తెలిసేది నూటికి ఒక వంతులోపే. పలాసలో జీడిపిక్కల బస్తా కాటా మీద ఉండగా దోసెడు పిక్కలు తీసి, ముల్లు కదల్లేదేమని అడిగినట్టు ఉంటుంది.

అందుకే నాలుగు తీగలు. బయటి రెండింటిలో కరెంటు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి. లోపలి తీగల్లో కరెంటు దాదాపు పారదు కాబట్టి వాటి అతుకు 3 ఓంలైనా 30 ఓంలైనా తేడా రాదు. దీన్ని ఇంతకన్నా సాగదీయను.

సామాను. 9 వోల్టుల బ్యాటరీ, దానికి వరసగా 1 కిలో ఓం రెసిస్టరు: సుమారు 9 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. అతుకు 3 ఓంలు మారినా కరెంటు మారేది వెయ్యికి మూడు వంతులే. దాంతోపాటు ఒక 10 ఓంల ఒక శాతం రెసిస్టరు కూడా వరసలో పెట్టి, దాని మీద వోల్టేజి చూసి అసలు కరెంటు ఎంతో రాసుకోండి. కడ్డీ మీద వచ్చేది 225 మైక్రోవోల్టులు. చేతి మీటరు 200 మిల్లీవోల్టుల రేంజిలో చూపగలిగే అతి చిన్న అంకె 100 మైక్రోవోల్టులు, అంటే 225కి అది 0.2 మిల్లీవోల్టు అని మాత్రమే చూపుతుంది. కనుక మధ్యలో ఏడీ620 యాంప్లిఫయర్ పెట్టాలి. 1, 8 కాళ్ల మధ్య 49.9 ఓంల రెసిస్టరు పెడితే 991 రెట్లు పెంచుతుంది. దానికి వేరే రెండు 9 వోల్టుల బ్యాటరీలు. కరెంటు బ్యాటరీకి రెసిస్టర్లు లేని కొసను యాంప్లిఫయర్ కామన్‌కు (ఆ రెండు బ్యాటరీలు కలిసే చోటుకు) కలపడం మరవొద్దు. ఆ ఒక్క తీగ లేకపోతే ఇన్‌పుట్లు గాల్లో తేలి, అవుట్‌పుట్ ఏదో ఒక చివరకు పోయి అతుక్కుంటుంది. చిప్ కాలిపోయిందనుకొని మార్చేస్తారు, కొత్తదీ అలాగే చేస్తుంది.

అతుకులకు వెండి పేస్టు కన్నా ఇండియం అనే మెత్తటి లోహం ముక్క నొక్కడమే నాకు నచ్చుతుంది. ముందు కడ్డీ పైపొరను సన్నటి ఎమరీ కాగితంతో గీకాలి. వైబీసీఓకు తేమ పడదు. నీటితో కలిసి పైన బేరియం సమ్మేళనాల తెల్ల పొర కడుతుంది. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం గాలి తగిలే ఊళ్లలో బిళ్లను సిలికా జెల్ ఉన్న డబ్బాలోనే దాచాలి. నత్రజనిలోంచి తీసిన బిళ్లను గాల్లో వదిలేస్తే మంచు పట్టి, కరిగి తడుస్తుంది. జిప్ కవరులో మూసి, గది వేడిమికి వచ్చాకే తెరవండి.

ఇక అసలు చికాకు. నాలుగు తీగలు సరిగ్గా పెట్టినవాళ్లలో కూడా సగం మందికి కింద సున్నా రాలేదు, 0.8 మిల్లీ ఓంలో 1.1 మిల్లీ ఓంలో మిగిలింది. కారణం వేడిమి తేడా వల్ల పుట్టే వోల్టేజి. రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోటు ఒకటి చల్లగా, మరొకటి గది వేడిమిలో ఉంటే కరెంటు లేకుండానే వోల్టేజి పుడుతుంది. రాగికీ సీసం-తగరం సోల్డర్‌కూ మధ్య డిగ్రీకి 1 నుంచి 3 మైక్రోవోల్టులు. రాగికీ చిలుము పట్టిన రాగికీ మధ్య అది డిగ్రీకి వెయ్యి మైక్రోవోల్టుల దాకా పోతుంది. ఉప్పుగాలికి నల్లబడ్డ పాత తీగ వాడొద్దనేది ఇందుకే.

దీనికి మందు కరెంటు దిశ తిప్పి మళ్లీ చదవడం. చాలామంది తిప్పారు, కానీ మీటరు తీగల్ని తిప్పారు. అక్కడే కొంప మునిగింది.

త్రాసు ఒక పక్కకు వాలి ఉందనుకోండి. తూకం సరిచూడాలంటే సరుకునూ రాళ్లనూ పళ్లాలు మార్చి తూయాలి. త్రాసు వెనక్కి వెళ్లి నిలబడి చూస్తే కుడి ఎడమవుతుంది తప్ప వాలు పోదు. మీటరు తీగలు తిప్పడం వెనక్కి వెళ్లి చూడడమే.

అంకెలతో చూద్దాం, లెక్క తేలికకు కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకొని. 100 కెల్విన్ దగ్గర ముందు దిశలో 113 మైక్రోవోల్టులు వచ్చాయి. కరెంటు తిప్పితే మైనస్ 97. తేడాలో సగం 105, అది కడ్డీది: 10.5 మిల్లీ ఓంలు. మొత్తంలో సగం 8, అది అతుకుల్లో పుట్టిన దొంగ వోల్టేజి. ఇదే చోట కరెంటు అలాగే ఉంచి మీటరు తీగలు తిప్పితే 113 కాస్తా మైనస్ 113 అవుతుంది. తేడాలో సగం మళ్లీ 113. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

80 కెల్విన్ దగ్గర రెండు దిశల్లోనూ 8.3 వచ్చింది. తేడా సున్నా, బిళ్ల బాగానే ఉంది. ఒక్క దిశలోనే చదివినవాళ్లకు అదే 0.83 మిల్లీ ఓంలుగా మిగిలింది. దీనికి తలకిందుల సంగతి ఇంకా ప్రమాదం. కడ్డీ మీద నిజంగా 3 మైక్రోవోల్టులు ఉన్నాయి, అతుకుల్లో మైనస్ 3 పుట్టింది. మీటరు సున్నా చూపిస్తుంది, మీరు సంబరపడతారు.

యాంప్లిఫయర్ ఇన్‌పుట్ దగ్గర తీగలు తిప్పితే మెరుగైందని చెప్పినవాళ్లూ ఉన్నారు. మెరుగవుతుంది, నిజమే. ఏడీ620 సొంత ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ సున్నా అయినా అది కలిపే తప్పు వోల్టేజి) పదుల మైక్రోవోల్టులు ఉంటుంది, అది పోతుంది. అతుకుల్లో పుట్టింది మాత్రం కడ్డీ వోల్టేజితో కలిసే తిరుగుతుంది కాబట్టి పోదు. కరెంటు తిప్పితే రెండూ ఒకేసారి పోతాయి. కరెంటు దారిలో, అంటే బ్యాటరీకీ కడ్డీకీ మధ్య, ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ (రెండు తీగల్నీ ఒకేసారి మార్చేది) అడ్డంగా వైరింగ్ చేసి పెట్టండి. వోల్టేజి తీగల దారిలో ఏ స్విచ్చీ వద్దు, ప్రతి స్విచ్చూ ఇంకో రెండు అతుకులు.

కడ్డీ వేడెక్కుతూ ఉండగా దొంగ వోల్టేజి కూడా మెల్లగా మారుతూ ఉంటుంది. అందుకే రెండు కాదు, సమాన వ్యవధిలో మూడు రీడింగులు: ముందు, వెనక, ముందు. మొదటిదీ మూడోదీ కూడి, రెండోదానికి రెట్టింపు తీసేసి, నాలుగుతో భాగించండి. నిలకడగా వచ్చే ఆ మార్పు కూడా లెక్కలోంచి పోతుంది.

థర్మామీటరు సంగతి క్లుప్తంగా. పీటీ100 ప్లాటినం రెసిస్టరు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 ఓంలు, మైనస్ 180 దగ్గర, అంటే 93 కెల్విన్‌కు, 27.1 ఓంలు. అక్కడ డిగ్రీకి సుమారు 0.43 ఓం. తీగల నిరోధం 1 ఓం కలిసినా రెండు డిగ్రీలు పైగా తప్పు. దీనికీ నాలుగు తీగలే.

కడ్డీనీ పీటీ100నీ 50 × 40 × 10 మి.మీ. రాగి దిమ్మకు, మధ్యలో సిగరెట్ కాగితం వేసి, పక్కపక్కన అంటించండి. దిమ్మ సుమారు 180 గ్రాములు తూగుతుంది, ఆ బరువే వేడెక్కడాన్ని నెమ్మది చేస్తుంది. థర్మోకోల్ పెట్టెలో నత్రజని పోసి దిమ్మ చల్లబడ్డాక, ద్రవం ఆవిరైపోయేదాకా ఆగి, వేడెక్కుతున్నప్పుడే చదవండి. నత్రజని పశువైద్యశాలల వాళ్లు కృత్రిమ గర్భధారణకు వాడే క్యాన్లలో ఉంటుంది. అడిగి ఫ్లాస్కులో పోయించుకోండి, వాళ్ల క్యాన్‌లో మాత్రం తీగ పెట్టొద్దు. ఫ్లాస్కుకు మూత బిగించొద్దు, పేలుతుంది. గది కిటికీలు తెరిచి ఉంచాలి.

సున్నా వచ్చినా ఒకటి గుర్తుంచుకోండి. 2023లో దక్షిణ కొరియా నుంచి ఎల్‌కే-99 అనే పదార్థం గది వేడిమిలోనే అతివాహకమని వార్త వచ్చింది. 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోవడం దాని ఆధారాల్లో ఒకటి. అందులో మలినంగా ఉన్న రాగి సల్ఫైడ్ దాదాపు ఆ వేడిమిలోనే తన స్ఫటిక నిర్మాణం మార్చుకుంటుందనీ, పడింది దాని నిరోధమనీ తర్వాత తేలింది. పడిపోవడం వేరు, సున్నా కావడం వేరు. మీ కొలతలో చప్పుడు (ఏమీ మారకపోయినా అంకె అటూ ఇటూ ఊగడం) 0.2 మైక్రోవోల్టు అయితే, 10 మిల్లీ ఆంపియర్లకు "20 మైక్రో ఓంల కంటే తక్కువ" అని రాయండి. సున్నా అని రాయొద్దు. పగిలిన కడ్డీలో కరెంటు పక్కదారి పట్టినా లోపలి తీగలకు సున్నా వస్తుంది. ఇక అతుకులు సరిచూడడానికి, కరెంటు జతనూ వోల్టేజి జతనూ ఒకదానికొకటి మార్చి గది వేడిమిలో కొలవండి. రెండు నిరోధాలూ ఒకటే రావాలి, రాకపోతే అతుకులో తేడా ఉంది.

అభ్యాసం: 85 నుంచి 100 కెల్విన్ దాకా ప్రతి అర డిగ్రీకి మూడేసి రీడింగులు, నిమిషానికి అర డిగ్రీ మించకుండా. అదే పని, 1 కిలో ఓం రెసిస్టరు మార్చి 5, 20 మిల్లీ ఆంపియర్లతో మళ్లీ. మొత్తం 279 అంకెలు. 93 దగ్గర దిగడం మొదలై 88, 90 దాకా తోక సాగితే కంగారు పడొద్దు, కాల్చిన బిళ్లలో రేణువుల మధ్య బలహీనమైన అతుకుల వల్ల అలా వస్తుంది. 20 మిల్లీ ఆంపియర్లకు తోక కాస్త కిందికి జరిగితే ఎంత జరిగిందో రాసి ఉంచండి. అయిదో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.