ఆషాఢం సేల్‌లో కస్టమర్ అరిస్తే ఏం చేయాలి? చీరల సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లకు

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి షాపులవాళ్లు పాత స్టాక్ ఖాళీ చేసుకోవడానికి సేల్ పెడతారు, కొనేవాళ్లేమో శ్రావణంలో పెళ్లిళ్లకీ వరలక్ష్మీ వ్రతానికీ కావలసినవన్నీ ఇప్పుడే తక్కువలో తీసేసుకుందామని ఇంటిల్లిపాదీ దిగుతారు. ఆ నెల రోజులు, ముఖ్యంగా ఆదివారాలు, కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లకి ఊపిరి ఆడదు. కూకట్‌పల్లిలో ఒక పెద్ద షాపులో ఆరేళ్లు చీరల సెక్షన్‌లో పనిచేశాను. మొదటి ఆషాఢంలో రెండో ఆదివారమే స్టాక్ రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. యూనిఫామ్ చీర ఇచ్చి నిలబెట్టారు తప్ప, మనిషి మీద మనిషి అరుస్తుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మీకు అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, షాపు తెరవకముందే ఆ రోజు ఆఫర్ షరతులు నోటికి వచ్చేలా తెలుసుకోండి. నేను చూసిన గొడవల్లో సగానికి పైగా బిల్లింగ్ దగ్గర పుట్టినవే. బోర్డు మీద 50 శాతం అని మనిషంత అంకె ఉంటుంది, పక్కన ‘వరకు’ అనే మాట చీమంత ఉంటుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు చాలా షాపుల్లో రెండింట్లో ఎక్కువ ధర దానికే బిల్లు వేస్తారు. కొనడానికి వచ్చినావిడ 1800 చీర, 1200 చీర తీసుకుని 1200 కడితే చాలనుకుంటుంది, గంట లైన్లో నిలబడ్డాక 1800 అనేసరికి ఒళ్లు మండుతుంది. అలా అరిచే మనిషిని చెడ్డదని అనుకోకండి, ఆమె మోసపోయానని అనుకుంటోంది. చీర చేతికిస్తున్నప్పుడే ‘అమ్మా, ఈ రెండింటికీ కలిపి 1800 అవుతుంది, సరేనా?’ అని ఒక్కమాట అనేయండి. చివర్లో అరగంట పట్టే గొడవ మొదట్లోనే అర నిమిషంలో తీరిపోతుంది.

క్యారీ బ్యాగ్‌కి డబ్బులుంటే అదీ బిల్లు వేయకముందే చెప్పాలి. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర, డిస్కౌంట్ పోయాక మిగిలినదాని మీద మళ్లీ జీఎస్టీ ఎందుకు వేశారని ఎవరైనా నిలదీస్తే వాళ్లు అడిగింది న్యాయమే. అక్కడ షాపు తరఫున వాదించి తిట్లు తినాల్సిన అవసరం మీకు లేదు, నేరుగా ఫ్లోర్ మేనేజర్ని పిలవండి, జవాబు ఆయన చెప్పాలి.

పిలుపు సంగతి. పెద్దావిడైతే ‘అమ్మా’, మిగతావాళ్లకి ‘మేడమ్’, మగవాళ్లకి ‘సార్’. ‘ఆంటీ’ అని మాత్రం ఎవర్నీ అనకండి, ఆ ఒక్కమాటకే మొహం మాడ్చుకుని వెళ్లిపోయినవాళ్లని చూశాను. మనల్ని ‘ఏయ్ పిల్లా’ అని పిలిచేవాళ్లుంటారు. మొదటిసారి నాకు గుండెల్లో గుచ్చుకుంది. మీరు మాత్రం ‘చెప్పండి అమ్మా’ అని మర్యాదగానే పలకండి. మీ గొంతు మారకపోతే చాలాసార్లు వాళ్లే రెండో మాటకి ‘అమ్మాయీ’ అంటారు.

ఇప్పుడు అసలైన కష్టం. నలభై చీరలు విప్పించి, ఒక్కటీ నచ్చలేదని, పైగా ‘మంచివి లోపల దాచుకుని ఈ చెత్త చూపిస్తున్నావా’ అని చీర మన మీదకి విసిరేవాళ్లు. మా సెక్షన్‌లో ఒక సీనియర్ అక్క ఉండేది, ఆమెకు సరిగ్గా ఇలాగే జరిగింది. ముదురాకుపచ్చ పట్టు, జరీ అంచు భుజానికి తగిలి కింద పడింది. అక్క వంగి తీసింది, అంచుకి అంచు కలిపింది, కొంగు లోపలికి తిప్పింది, మోకాలి మీద పెట్టి అరచేత్తో నెమ్మదిగా సర్దుతూ మడత వేసింది. అంతసేపూ నోరు విప్పలేదు. అరిచినావిడ అరిచి అరిచి ఆగింది. అప్పుడు అక్క తలెత్తి, ‘పెళ్లి ఎవరికమ్మా?’ అంది. కూతురికట, మగపెళ్లివారు పెట్టుబడి చీరల లెక్క నిన్ననే పెంచారట, చేతిలో డబ్బు చాలట్లేదట. ఆ తర్వాత అక్క తక్కువ ధరలో ఒకే డిజైన్ ఉన్న ఎనిమిది చీరలు తీయించి ఇచ్చింది.

ఆ మడత నేను నేర్చుకున్నాను, మీరూ నేర్చుకోండి. కోపం వచ్చినప్పుడు చేతికి పని ఇవ్వాలి. మడత పూర్తయ్యేసరికి అర నిమిషం పడుతుంది, ఆలోగా నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది. విసరడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ క్షణంలో న్యాయం చెప్పుకునే చోటు కౌంటర్ కాదు.

కొన్ని మాటలు మంటలో నూనె పోస్తాయి. ‘ఇందాకే చెప్పాను కదా’, ‘మీకు అర్థం కావట్లేదు’, ‘మా రూల్ అంతే’. వీటి బదులు ‘మళ్లీ చెప్తాను చూడండి’ అనండి. రద్దీలో నలుగురు ఒకేసారి పిలిస్తే అందరికీ ‘ఒక్క నిమిషం’ అనడం కంటే, కళ్లలోకి చూసి ‘ఈవిడకి రెండు చీరలు చూపించి మీ దగ్గరికే వస్తాను’ అనండి, అన్నట్టే వెళ్లండి. మర్చిపోయారంటే మాత్రం ఆమె కోపానికి మీరే కారణం.

మార్చుకోవడానికి వచ్చినవాళ్లతో వాదన పెట్టుకోకండి. ట్యాగ్ తీసేసి, ఫాల్ కుట్టించి, జాకెట్ ముక్క కత్తిరించి తెచ్చినా సరే, ‘కట్టి తెచ్చారు’ అని నలుగురిలో అనకూడదు. చీర, బిల్లు తీసుకుని ఎక్స్ఛేంజ్ కౌంటర్‌కి మీరే తోడు వెళ్లి అప్పగించండి.

ఇక ఓర్పుకి హద్దు ఎక్కడో కూడా తెలిసుండాలి. విసుగు, అరుపు, వెటకారం వరకు ఉద్యోగంలో భాగమనుకుని భరించవచ్చు. అమ్మానాన్నల్ని, కులాన్ని తిడితే, ఒంటి మీద చేయి వేస్తే, కావాలని తాకుతూ నిలబడితే మడతలూ చిరునవ్వులూ ఏమీ అక్కర్లేదు. రెండడుగులు వెనక్కి వేసి, సీసీ కెమెరా కిందికి వచ్చి, అందరికీ వినపడేలా మేనేజర్ని పిలవండి. మేనేజర్ ‘పోనీలే, కస్టమర్ కదా’ అంటే 112కి మీరే ఫోన్ చేయవచ్చు, తెలంగాణలో ఆడవాళ్ల రక్షణ కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలున్నాయి. టైమూ, కౌంటర్ నంబరూ కాగితం మీద రాసుకోండి, ఫుటేజీ అడగడానికి పనికొస్తుంది. కస్టమర్ ఫోన్ తీసి వీడియో తీస్తుంటే దాన్ని లాక్కోవద్దు, చేయి అడ్డం పెట్టొద్దు, మాట్లాడటం ఆపేసి పక్కవాళ్లకి కౌంటర్ అప్పగించి తప్పుకోండి.

షాపు నడిపేవాళ్లు ఎవరైనా చదువుతుంటే మీకూ ఒక మాట. పదకొండు గంటలు నిలబెట్టి నవ్వుతూ ఉండమంటే ఎవరివల్లా కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే చేర్చుకున్నాయి. కౌంటర్‌కి ఒక స్టూల్ వేయడానికి ఎంతవుతుంది? కొత్తగా చేరినవాళ్లు ఇది ఒంటరిగా అడగకండి, నలుగురు కలిసి అడగండి, మేం అలా అడిగాకే మూడో అంతస్తులో రెండు స్టూళ్లు వేశారు. అలాగే సేల్ మొదలయ్యే రోజు పొద్దున్నే భోజనం వంతులు కాగితం మీద రాయించుకుని గోడకి అంటించండి. మా దగ్గర సాయంత్రం నాలుగింటికి కస్టమర్లతో మాటామాటా పెరిగిన అమ్మాయిలు దాదాపు ఎప్పుడూ అప్పటిదాకా అన్నం తినని అమ్మాయిలే.